గుర్రానికి ఆఖరి అడుగులో గట్టు కనపడదు

డాక్టరుగారూ, ఒక్క మాట!
(అంబాజీపేట నుంచి ఒక రిటైరైన పశువైద్యుడి జవాబులు)

ఈ శీర్షికకు నెలనెలా ఎలాంటి ఉత్తరాలు వస్తాయో మీకు తెలిసిందే. గేదె ఎదకు రావడం లేదని ఒకరు, దూడకు పారుడు తగ్గడం లేదని ఒకరు, కోళ్ళకు కొక్కెర తెగులేమోనని ఇంకొకరు. పోయిన నెల గిట్టల జబ్బుల గురించి రాస్తూ, మా మనవడి ఫోన్‌లో చూసిన గుర్రప్పందెం సంగతి ఒక ముక్క ఇరికించాను. కంచెల మీంచి, గోతుల మీంచి, దున్నిన చేలల్లోంచి గుర్రాలు ఏడు కిలోమీటర్లు పరిగెడతాయనీ, చూస్తుంటే నాకు అరచేతులు చెమట పట్టాయనీ రాశాను. అంతే. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే. పాడి రైతులు ఏమీ అనుకోకండి, గేదెల సంగతి వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: మీరు చూసిన పందెం ఏది? ఎక్కడ జరుగుతుంది? ఇలా అడ్డంకులు దూకే పందేన్ని స్టీపుల్‌చేజ్ అంటారట, ఆ పేరు ఎలా వచ్చింది?
– ఒక ఉపాధ్యాయుడు, పాలకొల్లు

మాస్టారూ, దాని పేరు వెల్కా పార్దుబిట్స్కా. చెక్ దేశంలో పార్దుబిట్సే అనే ఊళ్ళో 1874లో మొదలైంది. ఏటా అక్టోబరులో రెండో ఆదివారం జరుగుతుంది. దూరం 6.9 కిలోమీటర్లు, దారిలో ముప్ఫై ఒక్క అడ్డంకులు. మన మలక్‌పేటలో జరిగేది చదునైన గడ్డి మీద గుండ్రంగా తిరిగే పందెం. ఇది అలా కాదు. పచ్చిక మీద దూసుకొచ్చిన గుర్రం ఉన్నట్టుండి దుక్కిలో దిగుతుంది. రోడ్డు మీద వచ్చే ట్రాక్టరు దమ్ము చేలోకి దిగినప్పుడు ఎలా బరువెక్కిపోతుందో చూశారుగా, గుర్రం కూడా అంతే.

వాటిలో నాలుగో అడ్డంకి పేరు టాక్సిస్. దాన్ని మా మనవడి చేత మూడుసార్లు వెనక్కి తిప్పించి చూశాను. మీటరున్నర ఎత్తు పొద, దాని అవతల నాలుగు మీటర్ల వెడల్పున గొయ్యి. ఇవతల నుంచి వచ్చే గుర్రానికి పొద ఒక్కటే కనపడుతుంది. గొయ్యి ఉందన్న సంగతి గాల్లోకి లేచాకే తెలుస్తుంది. ఒకప్పుడు ఆ గొయ్యి రెండు మీటర్ల లోతుండేది. గుర్రాలు చచ్చిపోతున్నాయని పెద్ద గొడవ జరిగాక సగం పూడ్చారు.

ఇక పేరు సంగతి. స్టీపుల్ అంటే చర్చి మీద ఉండే కోసు శిఖరం. 1752లో, అంటే మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కావడానికి సరిగ్గా వందేళ్ళ ముందు, ఐర్లండులోని కార్క్ జిల్లాలో ఓ'కాలహన్, బ్లేక్ అనే ఇద్దరు పెద్దమనుషులు ఎవరి గుర్రం గొప్పదో తేల్చుకోవాలని పంతం పట్టారు. బటివెంట్ చర్చి దగ్గర బయల్దేరి డోనరైల్ చర్చికి చేరాలి. సుమారు ఏడు కిలోమీటర్లు. రోడ్డు లెక్క లేదు. దూరంగా కనపడే శిఖరాన్ని చూసుకుంటూ నేరుగా వెళ్ళిపోవడమే. మధ్యలో గోడ వస్తే గోడ, ఏరొస్తే ఏరు. శిఖరాన్ని తరుముకుంటూ పోయే పందెం కాబట్టి ఆ పేరు.

మా కోనసీమలో ఇది కుదరదు లెండి, కొబ్బరిచెట్లు దాటి ఏ గోపురమూ కనపడదు. మీ పాలకొల్లు వైపు చేలు బయలుగా ఉంటాయి గనక నయం. కానీ దారి వదిలి నేరుగా వెళ్ళడం మాకూ తెలుసు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఒక్కసారి రండి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు, అంటే దేవుణ్ణి నిలిపి వెదురుతో కట్టిన ఎత్తయిన అలంకారాలు, వరిచేలల్లోంచి వచ్చి ఎగువ కౌశిక కాలువలో దిగుతాయి. అంత ఎత్తు ప్రభను భుజాల మీద పెట్టుకుని మనుషులు పీకల్లోతు నీళ్ళలో నడుస్తారు. ఒడ్డెక్కేటప్పుడు 'ఓం హరా' అంటూ వాళ్ళు వేసే కేక వినాలి మీరు. తొక్కిన చేను బాగా పండుతుందని ఆ రైతు సంబరపడతాడు. ఐర్లండు రైతులు ఏమన్నారో మరి!

ప్రశ్న: మీరు రాసిన పందెం నేనూ ఫోన్‌లో చూశాను. మీదున్న మనిషి పడిపోయినా ఒక గుర్రం పరుగు ఆపకుండా అడ్డంకులు దూకుతూనే ఉంది. ఎందుకండీ? మా నాన్నగారు దానికి బుర్ర లేదన్నారు.
– 8వ తరగతి విద్యార్థి, రాజోలు

బాబూ, మీ నాన్నగారితో నేను చెప్పానని చెప్పకు గానీ, దానికి బుర్ర ఉంది కాబట్టే పరిగెడుతోంది. గుర్రం మంద జంతువు. మంద పరిగెడుతుంటే ఒంటరిగా వెనకబడ్డదాన్ని పులో తోడేలో పట్టుకుంటుంది. ఆ భయం దాని రక్తంలో ఉంది. వీపు మీద మనిషి ఉన్నా లేకపోయినా పక్కవాటితో పాటు ఉండాలనే చూస్తుంది.

కాకపోతే అలాంటి గుర్రాల వల్ల చాలా తంటా. ఇంగ్లండులో లివర్‌పూల్ దగ్గర ఏంట్రీ అనే చోట గ్రాండ్ నేషనల్ అని ఇంకో పెద్ద పందెం ఉంది. 1967లో అక్కడ రౌతు పడిపోయిన ఒక గుర్రం ఇరవై మూడో అడ్డంకి దగ్గర దూకకుండా అడ్డంగా తిరిగేసింది. దాన్ని వెనకొచ్చిన గుర్రం గుద్దుకుంది, దాన్ని ఇంకోటి. క్షణంలో అక్కడంతా సంతలా అయిపోయింది. ఫాయినావన్ అని ఒక గుర్రం, ఒకటికి వంద పందెం ఉన్నది, ఎవరూ లెక్కలో వేసుకోనిది, బాగా వెనక వస్తోంది. వెనక ఉండబట్టే దాని జాకీకి ఎటు వెళ్ళాలో చూసుకునే వ్యవధి దొరికింది. సందు చూసి దూకించాడు, గెలిచాడు. తమాషా ఏమిటంటే అక్కడున్న అడ్డంకుల్లో బాగా చిన్నవాటిలో అది ఒకటి. ఇప్పుడు దానికి ఫాయినావన్ పేరే పెట్టారు.

'ఏమో, గుర్రం ఎగరావచ్చు' అన్న మాట నువ్వు వినే ఉంటావు. ఆ రోజు ఫాయినావన్ మీద డబ్బు కాసిన నలుగురూ అలాగే అనుకుని ఉంటారు.

ప్రశ్న: ఇలాంటి పందెం గేదెలకు పెట్టవచ్చా?
– పాడి రైతు, ఆలమూరు

గేదె గట్టు దూకదండీ, తెంపుకుని వెళ్తుంది. మీకు తెలియంది కాదు, సరదాకి రాశారు.

ప్రశ్న: ఈ పందేల్లో ఆడవాళ్ళు పాల్గొంటారా? వాళ్ళకు వేరే పందెం ఉంటుందా?
– డిగ్రీ విద్యార్థిని, నరసాపురం

వేరే లేదమ్మా, మగవాళ్ళతో కలిసి అదే పందెం. ఇందాక చెప్పిన వెల్కా పార్దుబిట్స్కాను 1937లో లాటా బ్రాండిసోవా అనే ఆవిడ గెలిచింది. అప్పటికి ఆవిడ వయసు నలభై దాటింది. ఎక్కింది నార్మా అనే ఆడగుర్రం. ఎదురుగా ఉన్నవాళ్ళలో జర్మనీ సైనికాధికారులు ఉన్నారు. అవి ఏ రోజులో నీకు తెలుసు కదా, మరుసటి ఏడాదే హిట్లర్ ఆ దేశం అంచులు కోసుకుపోయాడు. ఆ గెలుపును చెక్ జనం ఇప్పటికీ చెప్పుకుంటారు.

గ్రాండ్ నేషనల్‌లో మాత్రం ఒక మహిళ మొదటిసారి దిగింది 1977లో. మొదటిసారి ఒక మహిళ గెలిచింది 2021లో. పేరు రేచల్ బ్లాక్‌మోర్, ఐర్లండు రైతు కుటుంబం అమ్మాయి. ఆ ఏడు కరోనా వల్ల స్టాండ్లు ఖాళీ. అంత గెలుపుకు చప్పట్లు కొట్టడానికి జనం లేరు. వీడియోలో చూడు, గుర్రం ఊపిరి కూడా వినపడుతుంది.

ప్రశ్న: ఏ గుర్రం గెలుస్తుందో ముందే చెప్పడానికి ఏమైనా కిటుకు ఉందా? ఆన్‌లైన్‌లో...
– పేరు వద్దన్నారు, తణుకు

మీ ఉత్తరం మిగతాది వేయడం లేదు. గుర్రప్పందెంలో నైపుణ్యం ఉందని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది నిజమే. ఆ నైపుణ్యం గుర్రానికీ, జాకీకీ, దాన్ని తయారుచేసినవాడికీ ఉంటుంది. మంచం మీద పడుకుని ఫోన్ నొక్కే మనకు ఉండదు. బాకీ సంగతి ఇంట్లో చెప్పేయండి. ఈ రోజే.

ప్రశ్న: మాకు పెళ్ళి ఊరేగింపులకు తిప్పే గుర్రం ఉంది. నెలరోజులుగా ముందు కాలు కుంటుతోంది. బీచ్‌లో నడిపిస్తే తగ్గుతుందని ఒకరు, నడిపించొద్దని ఒకరు.
– గుర్రం యజమాని, అమలాపురం

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ముందు ఒక కథ చెప్తాను, తర్వాత వైద్యం.

ఇంగ్లండులో సౌత్‌పోర్ట్ అనే సముద్రపు ఊళ్ళో జింజర్ మెకెయిన్ అని ఒకాయన ఉండేవాడు. టాక్సీ నడిపేవాడు, పాత కార్లు అమ్మేవాడు. గుర్రాల శాల ఆ కార్ల దుకాణం వెనకే. 1972లో రెడ్ రమ్ అనే గుర్రాన్ని కొనిపించాడు. మర్నాడు ఇసుకలో పరుగు పెట్టిస్తే అది కుంటుతోంది. గిట్ట లోపలి ఎముకకు వాపు. మామూలుగా పందెపు గుర్రానికి ఆ జబ్బు వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే. మెకెయిన్‌కు వేరే మైదానం లేదు, ఉన్నది సముద్రం ఒడ్డే. రోజూ అలల్లో నడిపించాడు, తడి ఇసుక మీద పరిగెత్తించాడు. ఆ గుర్రం గ్రాండ్ నేషనల్‌ను 1973, 1974, 1977ల్లో గెలిచింది. మధ్య రెండేళ్ళూ రెండో స్థానం. ఐదుసార్లు ఆ పందెంలో దిగి ఒక్కసారి కూడా పడలేదు. చచ్చిపోయాక ఏంట్రీలోనే, గెలుపు గీత పక్కనే పాతిపెట్టారు.

1973 గెలుపు ఎలాంటిదో కూడా చెప్పాలి. క్రిస్ప్ అనే ఆస్ట్రేలియా గుర్రం అందరికంటే ఎంతో ముందు పోతోంది. కానీ మంచి గుర్రమని దానికి బరువు ఎక్కువ వేశారు. రెడ్ రమ్ కంటే పది కిలోలకు పైనే. పందెంలో అందరికీ సమానావకాశం ఉండాలని అలా వేస్తారు. ఆఖరి అడ్డంకి దాటాక 450 మీటర్ల చదును పరుగు. అక్కడ క్రిస్ప్ కాళ్ళు తాగినవాడి కాళ్ళలా అడ్డదిడ్డంగా పడటం మొదలెట్టాయి. గీతకు రెండు మూడు అంగల ముందు రెడ్ రమ్ దాటేసింది. నాకు మాత్రం ఎప్పుడు చూసినా ఆ ఓడిన గుర్రం మీదే ప్రాణం కొట్టుకుంటుంది.

ఇక మీ గుర్రం. గిట్టకు కాస్త పైన, కాలి వెనక భాగంలో పక్కగా రెండు వేళ్ళు ఆనించండి. మంచి కాలికీ, కుంటే కాలికీ రెండిటికీ చూడండి. కుంటే కాలిలో నాడి గట్టిగా కొట్టుకుంటూ గిట్ట వేడిగా తగిలితే లోపల వాపు ఉన్నట్టు. అప్పుడు బీచూ వద్దు, ఊరేగింపూ వద్దు. చల్లని నీళ్ళలో నిలబెట్టి, పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. లాడం మేకు పచ్చి గిట్టలోకి దిగిందేమో వాళ్ళు చూస్తారు. ఇంకో మాట. పెళ్ళిళ్ళ సీజన్‌లో అభిమానంతో బెల్లం, ఉలవ గుగ్గిళ్ళు మితిమీరి పెడుతున్నారా? గుర్రం కడుపులో తేడా వస్తే దెబ్బ గిట్టకు తగులుతుంది. గింజ తగ్గించి గడ్డి పెంచండి. కుంటు పూర్తిగా తగ్గాక, డాక్టరు సరేనంటే, అప్పుడు తడి ఇసుక మీద నడక. పొడి ఇసుక మీద మాత్రం వద్దు, నరాలు పట్టేస్తాయి. తారు రోడ్డు మీద దౌడు తీయించడం అసలు మానేయండి.

ప్రశ్న: కాలు విరిగితే మనుషులకు కట్టినట్టు కట్టు కట్టలేరా? చంపేయడమేనా? ఇలాంటి ఆటను మీరు మెచ్చుకోవడం నాకు నచ్చలేదు.
– రిటైరైన నర్సు, మండపేట

అమ్మా, మీరు నర్సుగా పనిచేశారు కాబట్టి దాపరికం లేకుండా చెప్తాను. గుర్రానికి మోకాలి కింద కండ ఉండదు. ఎముక, నరాలు, తోలు, అంతే. రక్తం సరిగా అందదు, విరిగిన ముక్కలు తోలు చీల్చుకుని బయటికొస్తాయి. అంతకంటే పెద్ద చిక్కు మిగతా మూడు కాళ్ళతో. ఐదొందల కిలోల ఒళ్ళు వాటి మీద పడుతుంది. మనిషిని మంచం మీద పడుకోబెట్టవచ్చు. గుర్రాన్ని నెలల తరబడి పడుకోబెడితే ఊపిరితిత్తులు, పేగులు దెబ్బతింటాయి. నిలబెడితే మంచి గిట్టలు పాడవుతాయి.

అమెరికాలో బార్బరో అనే గుర్రం 2006లో కెంటకీ డర్బీ గెలిచిన రెండు వారాలకే ఇంకో పందెంలో వెనక కాలు నుజ్జు చేసుకుంది. పలక వేసి, ఇరవై ఏడు మరలు బిగించి కాలు నిలబెట్టారు. డబ్బుకు లోటు లేదు, వైద్యులకు లోటు లేదు. ఎనిమిది నెలలు పోరాడింది. చివరికి మంచి కాళ్ళ గిట్టలు చెడిపోయి 2007 జనవరిలో ఇంజక్షన్ ఇచ్చేశారు. అది అడ్డంకులు దూకే పందెం కూడా కాదు, చదును పందెమే.

గ్రాండ్ నేషనల్‌లో 2011లో రెండు, 2012లో రెండు గుర్రాలు పోయాయి. ఆ తర్వాత అడ్డంకుల లోపలి దుంగలు తీసేసి వంగే ప్లాస్టిక్ పుల్లలు పెట్టారు. 2024 నుంచి నలభై గుర్రాల బదులు ముప్ఫై నాలుగే. ఏడేళ్ళు నిండని గుర్రాన్ని రానివ్వరు. ఇన్ని చేసినా చావులు ఆగలేదు. మెచ్చుకోవద్దన్నారు మీరు. మెచ్చుకోవడమో కాదో నాకు తేలడం లేదు. చూస్తూ ఉంటాను, అడ్డంకి వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంటాను. మీ కోపం న్యాయమైనదే.

ప్రశ్న: సంక్రాంతికి మా ఊళ్ళో కోడిపందేల బదులు కొత్తగా ఏదైనా చేద్దామని కుర్రాళ్ళం అనుకున్నాం. ఆరు గుర్రాలు దొరుకుతాయి. కోతలైన చేలల్లో, గట్లు, బోదెలు దూకిస్తూ రెండు కిలోమీటర్లు. డాక్టరుగారూ, జాగ్రత్తలు చెప్పండి.
– యువజనం తరఫున, భీమవరం దగ్గర ఒక గ్రామం

తమ్ముళ్ళూ, వద్దు. మీరు అడిగింది జాగ్రత్తలు, నేను చెప్పేది వద్దని. ఎందుకో వినండి.

ముందు గుర్రం చూపు. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. తోక దగ్గర నిలబడ్డ ఒక్క మనిషి తప్ప చుట్టూ ఉన్న ప్రపంచమంతా కనపడుతుంది. కానీ సరిగ్గా నుదుటి ముందు, మూతి కింద దానికి చీకటి. కావాలంటే అరచేతిలో బెల్లం ముక్క పెట్టి మూతి కిందకు తీసుకెళ్ళండి. కంటితో వెతకదు, పై పెదవితో తడుముకుంటుంది. అడ్డంకి దగ్గర కూడా ఇంతే. దూరం నుంచి చూసి ఎత్తు, వెడల్పు మనసులో వేసుకుంటుంది. దగ్గరికొచ్చేసరికి అది ముక్కు ముందున్న చీకట్లోకి జారిపోతుంది. ఆఖరి అడుగు అది గుర్తు మీద వేస్తుంది, చూసి కాదు. రంగులు కూడా మనలా చూడదు, నారింజ రంగు దానికి గడ్డిలో కలిసిపోతుంది. ఇంగ్లండులో ఎన్నో ఏళ్ళు అడ్డంకుల మొదట్లో నారింజ రంగు చెక్క పెట్టేవారు. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్షించి చెప్పాక 2022 నుంచి తెల్లరంగుకు మార్చారు. అంత అనుభవం ఉన్నవాళ్ళకే ఆ సంగతి అంత ఆలస్యంగా తెలిసింది.

ఇక మన నేల. కోతలైన చేను పైకి ఎండినట్టుంటుంది, లోపల ఇంకా మెత్తన. పక్క చేలో దాళ్వాకు నీళ్ళు పెట్టి ఉంటారు, ఆ గట్టు ఒక వైపు నాని ఉంటుంది. కొత్తగా చెక్కి మట్టి వేసిన గట్టు చూడ్డానికి నున్నగా, గట్టిగా కనపడుతుంది. కాలు పెడితే జారుతుంది. అన్నిటికంటే ప్రమాదం పీత బొరియలు.

ఇది పుస్తకంలో చదివి రాస్తున్నది కాదు. ఇరవై ఏళ్ళ పైమాట. గోదావరి పాయ అవతల ఒక లంక గ్రామం. ఊరి పేరు రాయను, వాళ్ళ పిల్లలు ఇప్పుడు ఈ పత్రిక చదువుతారు. కనుమనాడు మధ్యాహ్నం కబురొచ్చింది. పంటు దాటి వెళ్ళాను. ఊరేగింపులకు తిప్పే తెల్ల గుర్రం, ఆడది, ఎనిమిదేళ్ళుంటాయి. ఎవరో పంతం కట్టారట, బోదె దూకుతుందా లేదా అని. బోదె ఎంతనుకున్నారు? మీటరున్నర కూడా లేదు. మొదటిసారి దూకింది. జనం ఈలలు వేశారు. మళ్ళీ దూకించమన్నారు. రెండోసారి అవతలి గట్టు మీద ముందు కాలు దిగిన చోట పీత బొరియ ఉంది. దూకి దిగేటప్పుడు గుర్రం బరువుకు రెట్టింపు పైనే ఆ ఒక్క కాలి మీద పడుతుంది. మోకాలికీ గిట్టకూ మధ్య ఎముక విరిగిపోయింది.

నేను వెళ్ళేసరికి అది పడిపోయి లేదు, మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది. మెడలో గంటలు, నుదుటి మీద అద్దాల పట్టీ, అన్నీ అలాగే ఉన్నాయి. ఒక్కొక్కసారి ఆ కాలు కింద మోపబోయేది. గిట్ట అటు తిరిగిపోయేది. మళ్ళీ ఎత్తేది. నా దగ్గర ఉన్నవి గేదెల మందులు. కావలసింది అమలాపురం నుంచి రావాలి. మనిషి వెళ్ళి, పంటు కోసం ఆగి, తిరిగొచ్చేసరికి గంటన్నర. అంతసేపూ యజమాని దాని మెడ కింద భుజం పెట్టి నిలబడ్డాడు. పంతం కట్టినవాళ్ళు ఎటు పోయారో పోయారు. ఆయన నన్ను ఒక్కటే అడిగాడు, 'అయ్యా, గంటలు ముందు తీసేయనా, తర్వాత తీయనా?' అని. ముందు తీసేయమన్నాను.

ఆ ఐర్లండు గుర్రాలూ, చెక్ గుర్రాలూ ఏళ్ళ తరబడి దూకడం నేర్చుకున్నవి. మొదట నేల మీద పడుకోబెట్టిన కర్ర, తర్వాత అడుగెత్తు, తర్వాత రెండడుగులు. మీకు దొరికే ఆరూ బ్యాండు మేళం వెనక నడవడం నేర్చుకున్నవి. పైగా 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది, ప్రదర్శనలకు వాడే జంతువులను ముందుగా రిజిస్టర్ చేయించాలని 2001 నియమాలున్నాయి. పోలీసులు వస్తే నా పేరు చెప్పకండి.

మీరే పరిగెత్తండి. నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నాను. స్టీపుల్‌చేజ్ మనుషులకు కూడా ఉంది, ఒలింపిక్స్‌లో ఉంది. 3000 మీటర్లు, ఇరవై ఎనిమిది అడ్డుకర్రలు, ఏడు నీటి గుంటలు. మగవాళ్ళకు కర్ర ఎత్తు 91.4 సెంటీమీటర్లు. ఇంగ్లండులో గుర్రాలతో ఆడిన ఆటనే కాలేజీ కుర్రాళ్ళు తమ కాళ్ళతో ఆడితే ఇది పుట్టింది. ఆ నీటి గుంట ఏమిటో అనుకునేరు, మన బోదే! మహారాష్ట్రలో బీడ్ జిల్లా రైతు కొడుకు అవినాష్ సాబ్లే, సైన్యంలో చేరాక ఈ పరుగు పట్టుకుని 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో 8 నిమిషాల 19.50 సెకన్లలో స్వర్ణం తెచ్చాడు. చిన్నప్పుడు రోజూ బడికి కిలోమీటర్ల కొద్దీ నడిచీ పరిగెత్తీ వెళ్ళినవాడు. మీలో సార్వా కోతలప్పుడు మోపు నెత్తిన పెట్టుకుని గట్టు మీద పరిగెత్తినవాళ్ళు ఉండే ఉంటారు. మీ కాళ్ళకు అది కొత్త కాదు.

గుడి దగ్గర మొదలుపెట్టి చేలకు అడ్డంపడి చెరువుగట్టు దాకా. నాలుగు గట్లు, రెండు బోదెలు చాలు. చేల యజమానులను ముందే అడగండి. దాళ్వా నారుమడి ఎవరిదైనా ఉంటే చుట్టూ తిరిగి వెళ్ళండి, దాన్ని మాత్రం తొక్కకండి. ఆడపిల్లలకూ పెట్టండి, నరసాపురం అమ్మాయి చూస్తుంది. రోజు ఖాయం చేసుకుని కార్డు ముక్క రాస్తే నేనూ వచ్చి రెండో బోదె దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాను. కాలు బెణికితే కట్టు కట్టడం నాకు బాగానే వచ్చు, మీకైతే ఆ కట్టు సరిపోతుంది కూడా. ముందురోజు సాయంత్రం మాత్రం ఇద్దరు పారలు పట్టుకుని ఆ గట్ల వెంట నడిచి, పీత బొరియలు పూడ్చి రండి.